జోకర్ ముఖం, చక్కెర రక్తం: తక్కువ డబ్బుతో స్లాషర్ సినిమా తీయడం

స్లాషర్ అంటే ఒక హంతకుడు మనుషుల్ని ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోయే సినిమా. చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు చాలామంది ముందు కోత పెట్టేది మేకప్‌కీ రక్తానికీ. కెమెరా మంచిది కావాలి, డ్రోన్ కావాలి, నాలుగు లొకేషన్లు కావాలి అంటారు. జోకర్ ముఖం మాత్రం ఎవరో తెలిసినవాళ్లు అరగంటలో వేసేస్తారులే అనుకుంటారు. హంతకుడు జోకర్ అయిన సినిమాకి ఇంతకు మించిన నష్టం లేదు. ప్రేక్షకుడు టికెట్ కొనేది ఆ ముఖం చూడ్డానికి, ఆ చంపడాలు ఎలా తీశారో చూడ్డానికి. డబ్బు తగ్గించాల్సింది లొకేషన్లలో, పాత్రల సంఖ్యలో, షూటింగ్ రోజుల్లో.

ఈ రకం సినిమాలు బాగా పెరిగింది అమెరికాలో. అక్కడ నిలబడ్డవి చాలా ఈ లెక్కతోనే నిలబడ్డాయి. 1978లో వచ్చిన 'హాలోవీన్' ఖర్చు సుమారు 3 లక్షల డాలర్లు. అందులో హంతకుడి ముఖం అంగడిలో కొన్న రబ్బరు మాస్కు. దానికి తెల్ల రంగు కొట్టి, కళ్ల రంధ్రాలు పెద్దవి చేశారు, అంతే. జోకర్ల విషయానికొస్తే డేమియన్ లియోన్ తీసిన 'టెర్రిఫయర్' చూడండి. దర్శకుడే మేకప్ ఎఫెక్ట్స్ చేసే మనిషి కాబట్టి డబ్బు బయటికి పోలేదు, తెర మీద కనబడింది. 2022లో వచ్చిన రెండో భాగం ఖర్చు దాదాపు 2.5 లక్షల డాలర్లు, వసూలు కోటిన్నర డాలర్లకి పైనే. మీ బృందంలో కూడా చేతిపని తెలిసిన మనిషి ఒకరు మొదటి రోజు నుంచీ ఉండాలి. దర్శకుడే ఆ పని నేర్చుకుంటే ఇంకా మంచిది.

కథ రాసేటప్పుడే లెక్క

ఒకే రాత్రి, ఒకే ఆవరణ, ఐదారు పాత్రలు. మూతపడ్డ రైస్ మిల్లు, ఊరి బయట ఫంక్షన్ హాలు, కట్టడం ఆగిపోయిన అపార్ట్‌మెంట్, ఏదైనా సరే, గదులు ఎక్కువ ఉండి తలుపులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకునేది చూసుకోండి. చావులు ఐదు రాసుకున్నా, పూర్తిగా చూపించేవి రెండే పెట్టుకోండి. ఒకటి సగం కనబడాలి, మిగతావి వినబడితే చాలు. రెండు చావుల మీద పెట్టాల్సిన డబ్బుని ఐదింటికి పంచితే ఐదూ బొమ్మలాటలాగే ఉంటాయి.

జోకర్ మాట్లాడకపోతే చాలా కలిసొస్తుంది. డబ్బింగ్ ఉండదు, సెట్‌లో అతని సౌండ్ పట్టాల్సిన పని ఉండదు. మేకప్ కింద ఎవరున్నారో తెలియదు కాబట్టి పరుగులకీ దూకుళ్లకీ డూప్‌ని ధైర్యంగా వాడొచ్చు. కానీ నోరు మూసుకున్న పాత్ర అని ఎవరో ఒకరిని నిలబెట్టేస్తే సినిమా పోయినట్టే. వీధి నాటకాలు, మైమ్, నాట్యం తెలిసిన వాళ్లలో వెతకండి. ఒక చిన్న పరీక్ష పెట్టండి: కెమెరాలోకి చూస్తూ, చేతుల వైపు చూడకుండా, రెండు నిమిషాల పాటు నిదానంగా బూటు లేసు కట్టమనండి. చూస్తున్న వాళ్లకి ఒళ్లు జలదరిస్తే అతనే మీ జోకర్. పొడుగ్గా, సన్నగా ఉంటే తలుపుల ఫ్రేముల్లో ఇంకా బాగా పనికొస్తాడు.

ముఖం

జోకర్ తెలుపుకి నీళ్లతో కలిపే కేక్ రంగు వాడొద్దు. చవక, త్వరగా ఆరుతుంది, కానీ చెమట పట్టగానే చారలు పడుతుంది, నవ్వగానే పగులుతుంది. మన ఉక్కలో రెండు గంటలు కూడా నిలవదు. నూనె ఆధారంగా ఉండే క్రీమ్ తెలుపు కొనండి. హైదరాబాద్‌లో సినిమా మేకప్ సామాను అమ్మే కొట్లలో క్రయోలాన్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. ఇంకో మాట, పచ్చి తెలుపు కెమెరాలో కాలిపోతుంది, ముక్కూ చెంపలూ కలిసిపోయి చదును కాగితంలా కనబడతాయి. తెలుపు 10 వంతులకి బూడిద రంగు ఒక వంతు, కాస్త చర్మం రంగు కలిపితే ముఖంలో గీతలు బతుకుతాయి.

వేసే వరుస ఇది. గడ్డం నున్నగా గీయించాలి, గీసిన వెంటనే కాకుండా గంట ఆగి మొదలుపెట్టాలి. ముఖం కడిగి, బట్టలో చుట్టిన ఐసు ముక్కతో నుదురు, పై పెదవి, ముక్కు పక్కలు రెండు నిమిషాలు అద్దాలి. క్రీమ్‌ని వేళ్లతో చాలా పల్చగా పరచాలి, ఆ తర్వాత తడి లేని స్పాంజితో తట్టుకుంటూ పోవాలి. రుద్దితే చారలే. తట్టడం అయ్యాక పౌడరు పఫ్‌తో ధారాళంగా అద్ది, 5 నిమిషాలు వదిలేసి, మెత్తటి బ్రష్‌తో దులపాలి. పౌడరు తక్కువైతే నల్లరంగు తెల్లరంగులోకి పాకి బూడిదైపోతుంది. తొలిసారి చేసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నలుపు చివర్లో, సన్నటి చదును బ్రష్‌తో. కంటి రెప్ప లోపలి గీత మీదికి ఈ రంగు పోనివ్వొద్దు. పళ్లు పాచిపట్టినట్టు కనబడాలంటే సినిమా వాళ్లు వాడే టూత్ ఎనామెల్ అనే పళ్ల రంగు తప్ప వేరే ఏ రంగూ నోట్లో పెట్టొద్దు. వేసే ముందు పన్ను టిష్యూతో పొడిగా తుడవాలి, లేకపోతే నిలవదు.

రంగు ఒక్కటే అయితే గంట పడుతుంది. ముక్కు, గడ్డం, చెంప ఎముకల ముక్కలు అతికిస్తే రెండున్నర నుంచి మూడు గంటలు. కాల్‌షీట్ రాసేటప్పుడు ఈ మూడు గంటలు కలపకపోతే తెల్లవార్లూ కూర్చుని రెండు షాట్లు తీస్తారు. మొదటి రోజు మేకప్ అయ్యాక ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు ఫొటోలు తీసి, ప్రింటు వేసి అద్దానికి అతికించండి. గీతల మధ్య దూరం వేళ్లతో కొలిచి పక్కన రాసుకోండి. మూడో రోజుకి కనుబొమ్మ గీత అర అంగుళం పైకి పోతే ఎడిటింగ్‌లో ఏమీ చేయలేరు.

అతికించే ముక్కలు ఇంట్లోనే చేయొచ్చు. ముందు నటుడి ముఖం అచ్చు కావాలి. ఆల్జినేట్ (అచ్చు తీసే పొడి) ప్యాకెట్ మీద రాసిన నీళ్ల కొలత తప్పకుండా, చల్లటి నీళ్లతో కలపాలి. వేడి నీళ్లైతే చేతిలోనే గట్టిపడుతుంది. కనురెప్పలకీ కనుబొమ్మలకీ వ్యాజలిన్ రాసి, ముక్కు రంధ్రాలు వదిలి ఆల్జినేట్‌ని ముఖమంతా పరచాలి. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే చూసే మనిషి ఒకరు ప్రత్యేకంగా ఉండాలి, వాళ్లకి ఇంకే పనీ చెప్పకూడదు. నటుడు చెయ్యి పైకెత్తితే క్షణం ఆగకుండా తీసేయాలి. పైన ప్లాస్టర్ బ్యాండేజీ నాలుగు పొరలు, అది గట్టిపడ్డాక తీసి లోపల ప్లాస్టర్ పోస్తే ముఖం వస్తుంది. దాని మీద మట్టితో ముక్కు, గడ్డం చెక్కి, అంచులు కాగితం మందానికి అణిచి, మళ్లీ ప్లాస్టర్‌తో అచ్చు తీయాలి.

ఆ అచ్చులో ద్రవ లేటెక్స్ (రబ్బరు పాలు) పోసి, 10 నుంచి 15 నిమిషాలు ఉంచి, మిగిలింది డబ్బాలోకి వంచేయాలి. రాత్రంతా ఆరనివ్వాలి. తీసే ముందు లోపలికి పౌడరు చల్లుతూ నెమ్మదిగా ఊడదీయాలి. పౌడరు మరిస్తే లేటెక్స్ తనకు తానే అంటుకుపోతుంది, ఆ ముక్క ఇక చెత్తబుట్టకే. డబ్బు కాస్త ఉంటే ప్లాటినం సిలికాన్‌కి వెళ్లండి, చర్మంలాగే కదులుతుంది. కానీ గంధకం ఉన్న మట్టి తగిలినా, లేటెక్స్ గ్లోవ్స్‌తో ముట్టుకున్నా అది గట్టిపడదు, జిగటగా మిగిలిపోతుంది. గంధకం లేని మట్టి, నైట్రైల్ గ్లోవ్స్ వాడాలి. జెలటిన్ ముక్కలు వేసవిలో ఆలోచించనే వద్దు, లైట్ల కింద కరిగి కారిపోతాయి.

ఏది అతికించినా, 24 గంటల ముందు మోచేతి లోపలి వైపు చిన్న చుక్క వేసి చూడండి. లేటెక్స్ పడని వాళ్లు ఉంటారు. తీసేటప్పుడు లాగొద్దు. కొబ్బరి నూనె అంచుల్లోకి పట్టించి, అదే వదిలేదాకా ఆగాలి. మర్నాడు మళ్లీ ఆ చర్మం మీదే పని చేయాలి మరి.

బట్టల్లో ఎరుపు వద్దు

జోకర్ బట్టలు నలుపు తెలుపుల్లోనో, మట్టి పట్టిన గోధుమ రంగులోనో ఉంచండి. ఎర్ర ముక్కు, ఎర్ర జుట్టు, ఎర్ర బొత్తాలు పెడితే రక్తం పడ్డప్పుడు కంటికి కొత్తగా ఏమీ కనబడదు. 'టెర్రిఫయర్' జోకర్ నలుపు తెలుపుల్లో ఉండటం వల్ల పడిన ప్రతి చుక్కా లెక్కకొస్తుంది. శాటిన్ మెరిసిపోతూ ఫ్యాన్సీ డ్రెస్‌లా కనబడుతుంది, పైగా రక్తం దాని మీద నిలవదు. ముతక కాటన్ కొని, టీ డికాషన్‌లో ముంచి ఆరబెడితే పాతబడినట్టు ఉంటుంది. మూడు జతలు కుట్టించాలి: శుభ్రమైనది, చిందినది, తడిసినది. ఒక్క జతతో మొదలుపెడితే రక్తం షాట్ తర్వాత రీటేక్ అన్న మాటే ఉండదు. జోకర్ పెద్ద బూట్లు నిలబడే షాట్లకి మాత్రమే. పరుగుకి మామూలు బూట్లు వేయించి, కాళ్లు ఫ్రేములో లేకుండా చూసుకోండి.

రక్తం మూడు రకాలు

ఒకే రక్తం అన్ని పనులకీ పనికిరాదు. గాయం మీద నిలిచేది చిక్కగా ఉండాలి, గొట్టంలోంచి చిమ్మేది పల్చగా, నోట్లోంచి వచ్చేది తినదగ్గదై ఉండాలి.

నోటి రక్తం, లీటరుకి: స్వీట్ల తయారీకి వాడే లిక్విడ్ గ్లూకోజ్ 600 మిల్లీలీటర్లు, గోరువెచ్చటి నీళ్లు 300. కోకో పొడి రెండు టేబుల్ స్పూన్లు వేడి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి వడకట్టి పోయాలి. ఎర్ర ఫుడ్ కలర్ 15 నుంచి 20 మిల్లీలీటర్లు. మన దగ్గర దొరికే రాస్ప్‌బెర్రీ రెడ్‌లో గులాబీ ఛాయ ఉంటుంది, దాన్ని చంపడానికి పసుపు రంగు అర టీస్పూన్, ఇంకా ముదురు కావాలంటే ఆకుపచ్చ రెండు చుక్కలు. తెల్ల టిష్యూ మీద ఒక బొట్టు వేసి చూడండి. అంచు గులాబీగా పాకితే కోకో, పసుపు ఇంకాస్త కావాలి.

చిమ్మే రక్తానికి చక్కెర వద్దు. కేకుల సామాను కొట్లో టైలోజ్ పౌడర్ (నీళ్లని చిక్కబరిచే పొడి) అని అడగండి. లీటరు నీళ్లకి 8 నుంచి 10 గ్రాములు, చిలుకుతూ కొద్దికొద్దిగా చల్లాలి. ఒక్కసారి పోస్తే ఉండలు కట్టి గొట్టం మూసుకుపోతుంది. రాత్రంతా ఉంచితే బుడగలు పోయి నున్నగా వస్తుంది. రంగు పైన చెప్పినట్టే, కోకో బదులు వడకట్టిన కాఫీ డికాషన్. నాలుగైదు రోజులు నిల్వ ఉండాలంటే లీటరుకి ఒక గ్రాము సోడియం బెంజోయేట్. నోట్లోకి పోని రక్తంలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక స్పూను వేస్తే బట్టల నుంచి త్వరగా వదులుతుంది. కానీ దాన్ని కళ్ల దగ్గరికి రానివ్వొద్దు.

గాయం లోపల నింపే చిక్కటి రక్తానికి లిక్విడ్ గ్లూకోజ్‌ని నీళ్లు లేకుండా కోకో, రంగులతో కలిపితే చాలు.

పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లు చవకని కొందరు బకెట్లు కలుపుతారు. నేల మీద దూరపు షాట్‌కి పర్లేదు. మనుషుల మీద మాత్రం పోయొద్దు, సున్నం కంట్లో పడితే ప్రమాదం. చక్కెర రక్తానికి ఇంకో శత్రువు చీమలు. పల్లెటూళ్లో షూటింగ్ అయితే రాత్రి నేల మీద రక్తం వదిలేసి పడుకుంటే తెల్లారేసరికి సెట్ నిండా చీమలే, కంటిన్యుటీ (షాటుకీ షాటుకీ కుదిరే పోలిక) అక్కడితో సరి. నేల మీద పోసేదంతా టైలోజ్ రక్తమే వాడండి. ఇంటి గోడలకి వేసే ముందు ఒక మూల పరీక్షించండి. సున్నం గోడ ఫుడ్ కలర్‌ని పీల్చేస్తుంది, మళ్లీ రంగు వేయించే ఖర్చు మీదే. గోడకి ప్లైవుడ్ షీటు ఆనించి, అదే రంగు కొట్టి, దాని మీద చిమ్మించడం చవక.

గొంతు కోసే షాట్, మొదటి నుంచి చివరిదాకా

కత్తులు మూడు చేయించండి. అసలు కత్తి, అంచు పూర్తిగా అరగదీసింది, మనిషి దగ్గర లేని క్లోజప్‌కి మాత్రమే. రెండోది ఈవీఏ ఫోమ్‌తో (మెత్తటి నురగ షీటు) కోసి వెండి రంగు వేసింది, పరుగులకీ పెనుగులాటకీ. మూడోది 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో చేసింది, అంచులూ మొనా గుండ్రంగా ఆకురాయితో రుద్దింది. ఈ మూడోదాని మీదే పని. స్ప్రింగుతో లోపలికి పోయే బొమ్మ కత్తులు నమ్మొద్దు, చెమటకీ దుమ్ముకీ అవి బిగుసుకుపోతాయి.

అల్యూమినియం కత్తికి కెమెరాకి కనబడని వైపు, అంచు వెంబడి సెలైన్ గొట్టం అతికించండి. మొన దగ్గర చివర గ్లూ గన్‌తో మూసి, కాల్చిన సూదితో మూడు రంధ్రాలు, 5 మిల్లీమీటర్ల ఎడంలో, చర్మం వైపుకి. గొట్టం పిడి మీదుగా జోకర్ చొక్కా చేతిలోంచి వెళ్లి వెనక బయటికి రావాలి. అక్కడ 60 మిల్లీలీటర్ల సిరంజితో ఒక మనిషి. సెలైన్ గొట్టం సన్నం, చిక్కటి రక్తం కదలదు, టైలోజ్ రక్తంలో పావు వంతు నీళ్లు కలపాలి. షాట్‌కి ముందు రంధ్రాల దాకా రక్తం వచ్చి ఆగేలా నొక్కి పెట్టుకోవాలి. గొట్టంలో గాలి మిగిలితే గాటు రావాల్సిన చోట తుప్పున ఉమ్మినట్టు చిందుతుంది.

నాలుగు షాట్లుగా విడగొట్టండి. ఒకటి, వెనక నుంచి జోకర్ చెయ్యి వస్తుంది, ఫోమ్ కత్తి. రెండు, మెడ క్లోజప్, గొట్టం కత్తి ఒక చెవి కింద నుంచి రెండో చెవి కింద దాకా చర్మాన్ని తాకీ తాకనట్టు జారుతుంది, సిరంజి సగం వేగంతో నొక్కాలి. ఎర్రగీత పడుతుంది. మూడు, ముందే సిద్ధం చేసిన గాయంతో అదే మెడ. గాయానికి టిష్యూ, లేటెక్స్ మూడు నాలుగు పొరలు, ఒక్కోటీ హెయిర్ డ్రయ్యర్ చల్లగాలితో ఆరబెట్టి, మధ్యలో కత్తెరతో చీల్చి అంచులు పైకి లేపాలి. పొరల కింద మెడ వెనక నుంచి వచ్చే 6 మిల్లీమీటర్ల గొట్టం, దాని చివర 2 లీటర్ల చేతి స్ప్రేయర్. పొలానికి మందు కొట్టే రకమే, కానీ కొత్తది కొనాలి. పురుగుమందు పోసిన డబ్బా ఎంత కడిగినా వాడొద్దు. నాజిల్ తీసేసి, 15 సార్లు పంపు కొట్టి, మీట నొక్కి వదులుతూ ఉంటే గుండె కొట్టుకున్నట్టు చిమ్ముతుంది. ఏకధారగా వదిలితే కుళాయిలా ఉంటుంది. నాలుగు, జోకర్ ముఖం. అతను ఆ రక్తాన్ని ఎలా చూస్తున్నాడన్న దానికి కనీసం మూడు సెకన్లు ఇవ్వండి, భయం పుట్టేది అక్కడే.

మెడ కడిగి మళ్లీ సిద్ధం చేయడానికి 40 నిమిషాలు తేలిగ్గా పోతాయి. అందుకే అదే గొట్టంతో, అదే కత్తితో, వట్టి నీళ్లతో నాలుగైదుసార్లు రిహార్సల్ చేసి, రక్తంతో రెండు టేకులకి మించకుండా ప్లాన్ చేసుకోండి. రక్తం ఉన్న షాట్లన్నీ రాత్రి చివర్లో పెట్టాలి. వీలైతే ఆ లొకేషన్ చివరి రోజున.

లైటు, కెమెరా, సౌండ్

మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు తీస్తుంటే షట్టర్ 1/50 సెకను. లేకపోతే ట్యూబులైట్లు మిణుకుమంటాయి. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుతురు) జోకర్ నుదురు చూసి పెట్టండి, మిగతా మనుషులు కాస్త చీకటైనా ఫర్వాలేదు. నీలం లైటు కింద రక్తం నల్లగా కనబడుతుంది. ఎర్ర లైటు కింద నీళ్లలా మాయమవుతుంది. రక్తం షాట్‌కి తెల్లటి లైటు వెనక పక్క నుంచి వేస్తే తడి మెరుస్తుంది, ఆ మెరుపు లేని రక్తం రంగు పూసినట్టే ఉంటుంది.

సౌండ్‌లో దాదాపు ఖర్చు లేకుండానే సగం హింస పుట్టించొచ్చు. ఎముక విరగడానికి మునక్కాడ మైకుకి దగ్గరగా విరవండి, రెండు మూడు కలిపి విరిస్తే మెడ. కత్తి దిగిన శబ్దానికి క్యాబేజీలో, కండ చీలిన శబ్దానికి తడి బట్ట చుట్టిన పుచ్చకాయలో కత్తి దించండి. ఏసీ, ఫ్రిజ్ ఆపేసిన గదిలో అర్ధరాత్రి దాటాక రికార్డు చేయండి. జోకర్‌కి సొంత శబ్దం ఒకటి ఉండాలి: బూటు కిర్రుమనడమో, సంచిలో ఇనుప సామాను కదలడమో. అతను కనబడక ముందే అది వినబడాలి.

అనుమతులు, సర్టిఫికెట్

మేకప్‌తో, రక్తంతో, కత్తితో ఉన్న మనిషిని రోడ్డు మీదికి పంపొద్దు, టీ తాగడానికి కూడా. 2016లో అమెరికాలో జోకర్ వేషాల పుకార్లతో ఊళ్లకి ఊళ్లే బెదిరిపోయి పోలీసులకి ఫోన్లు చేశాయి. స్థల యజమాని రాతపూర్వక అనుమతి, స్థానిక పోలీస్ స్టేషన్‌కి తేదీలతో ఉత్తరం, చుట్టుపక్కల ఇళ్లకి ఒక మాట, ఇవి మూడూ ముందే కావాలి. అరుపులు మొదలయ్యే ముందు గేటు దగ్గర యూనిట్ మనిషి ఉండాలి. సెట్‌లో కంటికి కొట్టుకోవడానికి మంచినీళ్లు, మంటలార్పే సిలిండర్, ప్రథమ చికిత్స పెట్టె తప్పనిసరి.

థియేటర్‌లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ ఉండాల్సిందే, ఈ రకం సినిమాకి 'ఏ' వస్తుందని మొదటే అనుకోవాలి. ఓటీటీలకి 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ సంస్థలే వయసు రేటింగ్ ఇచ్చుకుంటాయి. టీవీలో 'ఏ' సినిమా వేయడానికి వీల్లేదు. టీవీ హక్కులు అమ్మాలంటే నెత్తురు తగ్గించిన కాపీ వేరే కావాలి. దానికి కావాల్సిన షాట్లు ఎడిటింగ్‌లో పుట్టవు. ప్రతి చావుకీ రక్తం కనబడని ఒక వైడ్ షాట్, చూస్తున్న పాత్ర ముఖం ఒకటి, తలుపో గోడ మీది నీడో ఒకటి అదే రాత్రి, మేకప్ తీయక ముందే తీసి పెట్టుకోవాలి.